బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు ఎలా మారుతుంది, దానికి తగ్గట్టు ప్లాన్ ఎలా వేసుకోవాలి

బరువు తగ్గడం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మూడో నెలకో నాలుగో నెలకో ఒకచోట ఆగిపోతారు. తిండి అదే, నడక అదే, మెషీన్ మీద అంకె మాత్రం కదలదు. అప్పుడు కారణాల వేట మొదలవుతుంది. థైరాయిడ్ అని ఒకరు, వయసు అని ఒకరు, బెంగళూరు చల్లదనానికి ఒళ్లు మందగించిందని ఇంకొకరు. అసలు సంగతి ఇంతకంటే సాదా. 68 కిలోల మనిషి ఊపిరి తీయడానికి, లేచి కూర్చోవడానికి, మెట్లెక్కడానికి పట్టే శక్తి 60 కిలోల మనిషికి పట్టదు. ఒళ్లు తగ్గింది కాబట్టి దాని ఖర్చూ తగ్గింది. మొదటి రోజు వేసుకున్న లెక్క ఇప్పుడు చెల్లదు.

ఈ ఖర్చు తగ్గుతుందని ముందే తెలిస్తే దానికి తగ్గట్టు ప్లాన్ వేసుకోవచ్చు. ఆ ప్లాన్‌లో తిండిది ఒక పని, వ్యాయామానిది వేరే పని. రెంటినీ కలిపేసి "తిన్నదంతా జిమ్‌లో కరిగించేస్తా" అనుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

మొదట మీ రోజువారీ ఖర్చు కనుక్కోండి

ఒంటి ఖర్చుకు మూడు పద్దులు ఉంటాయి. ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, కిడ్నీలు నడవడానికి అయ్యేది మొదటిది. ఆఫీసు కుర్చీలో పనిచేసే వాళ్లకు మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం ఇదే. తిన్నది అరిగించుకోవడానికి అయ్యేది రెండోది, సుమారు 10 శాతం. మిగిలినదంతా కదలిక. ఇందులో వ్యాయామం ఒక ముక్క మాత్రమే. వంటింట్లో నిలబడటం, బట్టలు ఆరేయడం, ఫోన్ మాట్లాడుతూ అటూ ఇటూ తిరగడం కూడా ఈ పద్దులోకే వస్తాయి.

మొదటి పద్దు లెక్కకు 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం అందరూ వాడతారు. బరువును (కిలోల్లో) 10తో, ఎత్తును (సెంటీమీటర్లలో) 6.25తో, వయసును 5తో గుణించండి. మొదటి రెండూ కలిపి మూడోది తీసేయండి. మగవాళ్లయితే దానికి 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి.

ఉదాహరణకు బెంగళూరు మారతహళ్లిలో ఐటీ ఉద్యోగం చేసే 34 ఏళ్ల ఆవిడ ఉన్నారనుకుందాం. ఎత్తు 156 సెం.మీ., బరువు 68 కిలోలు. 680కి 975 కలిపి, 170, 161 తీసేస్తే 1324 క్యాలరీలు. ఇక్కడ క్యాలరీ అంటే ప్యాకెట్ల మీద కిలోక్యాలరీ అని ఉండేదే. ఇలాంటి సూత్రాలు తెల్లవాళ్ల కొలతల మీద తయారైనవి, మనవాళ్ల విషయంలో కాస్త ఎక్కువ చూపిస్తాయి. కాబట్టి ఓ 5 శాతం తగ్గించుకుంటే 1260. రోజంతా కూర్చునే ఉద్యోగం కాబట్టి దాన్ని 1.4తో గుణించండి. 1760 వస్తుంది. ఆవిడ ఒంటి రోజు ఖర్చు సుమారుగా అంత.

మనవాళ్ల కొలత వేరు అనడానికి ఒక పాత ఫోటో ప్రసిద్ధం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే కొలత) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువు అంటారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటితే జాగ్రత్త పడమంటారు. టేపు కొని ఇంట్లో పెట్టుకోండి. బరువు కంటే నడుమే ముందు నిజం చెప్పే సందర్భాలు చాలా ఉన్నాయి.

రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి

సూత్రం చెప్పేది అంచనా. అసలు లెక్క మీ ఒళ్లే చెప్పాలి. రెండు వారాలు మామూలుగా తింటూ, తిన్నదంతా ఫోన్‌లో రాసుకోండి. రోజూ పొద్దున లేచి బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు బరువు చూసుకోండి. ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోవద్దు, వారం సగటు తీయండి. మొదటి వారం సగటు, రెండో వారం సగటు దాదాపు ఒకటే అయితే మీరు తింటున్నదీ ఖర్చు చేస్తున్నదీ సమానం అన్నమాట.

ఒక్కరోజు అంకెను ఎందుకు నమ్మకూడదంటే, ఆదివారం ఆంధ్రా మెస్‌లో ఆవకాయ, పప్పు, గోంగూర మటన్ తిని వస్తే సోమవారం కిలో పెరుగుతుంది. అది కొవ్వు కాదు, ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు. ఆడవాళ్లకు నెలసరి ముందు రోజుల్లో కూడా ఇలాగే పెరుగుతుంది. వాళ్లు నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి, ఈసారి రెండో వారాన్ని పోయినసారి రెండో వారంతో పోల్చుకుంటేనే అర్థం ఉంటుంది.

రాయడంలో అందరూ తప్పించుకునేది నూనె. అన్నం కప్పుల్లో చెప్తారు, చపాతీలు లెక్కపెట్టి చెప్తారు, పోపులో ఎంత పడిందో ఎవరికీ తెలియదు. దీనికి గిన్నె దగ్గర కొలత కంటే నెల లెక్క తేలిక. లీటరు నూనె అంటే దాదాపు 8,200 క్యాలరీలు. ఇంట్లో ముగ్గురు ఉండి నెలకు నాలుగు లీటర్లు ఖాళీ అవుతుంటే మనిషికి రోజుకు 360 క్యాలరీలు నూనె నుంచే వస్తున్నాయి. నెయ్యి, పల్లీల చట్నీ, బయట తిన్న దోసెల మీద వెన్న ఇందులో లేవు. పీజీలో ఉండేవాళ్లు ఈ లెక్క వేయలేరు. వాళ్లు కూరల్లో పైకి తేలిన నూనె వదిలేసి, పూరీ రోజును వారానికి ఒకటికి తగ్గించుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఈ రాతలో ఎంత అబద్ధం దొర్లుతుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1992లో న్యూయార్క్ పరిశోధకులు, "నేను 1200 క్యాలరీలే తింటున్నా, అయినా తగ్గట్లేదు" అనే వాళ్లను తీసుకుని నిజంగా కొలిచారు. వాళ్లు తిన్నది చెప్పిన దానికంటే చాలా ఎక్కువ. సగటున 47 శాతం తక్కువ చెప్పారు, చేసిన వ్యాయామం 51 శాతం ఎక్కువ చెప్పారు. వాళ్ల ఒంటి ఖర్చు మామూలుగానే ఉంది. వాళ్లు కావాలని అబద్ధమాడలేదు. పిల్లవాడి ప్లేట్లో మిగిలిన ముద్ద, టీతో రెండు బిస్కెట్లు మన మనసులో తిండి కిందకి రావు, అంతే.

కోత ఎంత పెట్టాలి, ఎన్నాళ్లు పడుతుంది

మారతహళ్లి ఆవిడ 60 కిలోలకు రావాలనుకున్నారు. రోజుకు 400 తగ్గించి 1360 తింటారు. ఫోన్ యాప్ అయితే కిలో కొవ్వుకు 7,700 క్యాలరీలని లెక్కగట్టి, ఎనిమిది కిలోలకు అయిదు నెలలు అంటుంది. ఈ లెక్కకు మూలం మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికన్ డాక్టర్ 1958లో రాసిన వ్యాసం. కొవ్వులో ఉన్న శక్తి వరకు అది సరైనదే. కానీ దాన్ని నెలల తరబడి సాగదీస్తే ఒంటి ఖర్చు మొదటి రోజు ఎంతో చివరి రోజూ అంతే అనుకున్నట్టు అవుతుంది.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో ఇంకో లెక్క ఇచ్చింది. శాశ్వతంగా ఒక కిలో తగ్గి ఉండాలంటే తిండి రోజుకు సుమారు 24 క్యాలరీలు తగ్గాలి. ఆ తగ్గుదలలో సగం రావడానికి ఏడాది పడుతుంది, దాదాపు పూర్తి కావడానికి మూడేళ్లు. దీని ప్రకారం 400 కోతతో ఏడాదికి ఎనిమిది కిలోలు తగ్గుతాయి. ఏడాదా అని నీరసపడకండి. అయిదు నెలలు అనుకుని ఆరో నెలలో వదిలేయడం కంటే ఏడాది అనుకుని ఏడాది చేయడం మేలు.

ఎనిమిది కిలోలకు 24 చొప్పున 192. అంటే 60 కిలోలకు చేరాక ఆవిడ మళ్లీ పాత తిండికి వెళ్లలేరు. 400 కోతలో సగం తిరిగి కలుపుకోవచ్చు, మిగతా 190 చిల్లర ఇక ఎప్పటికీ తగ్గించే ఉంచాలి. అది ఇంచుమించు ఒక కప్పు అన్నం. కాబట్టి మొదటి రోజే ఆలోచించుకోండి: ఏ కప్పు అన్నం లేకుండా మీరు జీవితాంతం హాయిగా ఉండగలరు? రాత్రి అన్నమా, సాయంత్రం స్నాక్సా, ఆఫీసులో మూడోసారి తాగే టీలో పంచదారా? ఉండలేని కోత పెట్టుకుంటే అది నిలవదు.

మొదటి వారంలో కిలోన్నర పోతే సంబరపడవద్దు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండి పదార్థం తగ్గుతుంది, ఒక్కో గ్రాము దానితో పాటు మూడు గ్రాముల నీళ్లను తీసుకుపోతుంది. అన్నం మళ్లీ మామూలుగా తిన్న రోజున ఆ నీళ్లు తిరిగి వస్తాయి. అన్నం, చపాతీలు దాదాపు మానేసే కీటో పద్ధతి మొదలుపెట్టిన వాళ్లు వారంలో మూడు కిలోలు తగ్గామని చెప్పేది చాలావరకు ఈ నీళ్ల గురించే.

1200 కంటే తక్కువకు డాక్టర్ని అడగకుండా దిగవద్దు. కోత ఎక్కువైతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది.

ఒళ్లు చేసే అదనపు పొదుపు

ఖర్చు తగ్గడం సైజు వల్ల మాత్రమే అయితే పైన చెప్పిన లెక్కతో కథ అయిపోయేది. కానీ ఒళ్లు దానికి మించి పొదుపు చేస్తుంది. కొవ్వు నిల్వ తగ్గగానే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. మెదడుకు అది కరువు వచ్చిందన్న కబురు. థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన టీ3 కొంచెం తగ్గుతుంది, కండరాలు తక్కువ శక్తితో అదే పని చేయడం నేర్చుకుంటాయి, ఆకలి పెరుగుతుంది.

ఈ పొదుపు ఎంత అన్న దాని మీద పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో రుడాల్ఫ్ లీబెల్ బృందం 1995లో పదిశాతం బరువు తగ్గిన వాళ్లను కొలిస్తే, సైజు లెక్కకు మించి రోజుకు మూడు వందల క్యాలరీల దాకా తగ్గుదల కనిపించింది. బరువు నిలకడగా ఉన్నప్పుడు కొలిచిన మరికొన్ని అధ్యయనాల్లో 50, 100కు మించలేదు. "బిగ్గెస్ట్ లూజర్" అనే అమెరికన్ టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత కొలిచి 2016లో ప్రచురించినది మాత్రం అందరినీ భయపెట్టింది. సగటున 58 కిలోలు తగ్గి 41 కిలోలు మళ్లీ పెరిగారు. అయినా పడుకుని ఉన్నప్పటి ఖర్చు, ఉండాల్సిన దానికంటే రోజుకు 500 తక్కువగానే ఉంది. వాళ్లు ఏడు నెలల్లో అంత తగ్గారు, రోజుకు గంటల తరబడి వ్యాయామం చేశారు. ఎనిమిది కిలోలు ఏడాదిలో తగ్గే వాళ్లకు ఆ అంకె అన్వయించుకోవద్దు. "మెటబాలిజం పాడైపోయింది" అని భయపెట్టి పొడులు అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించేది ఈ అధ్యయనమే.

నా దృష్టిలో ఖర్చు తగ్గడం కంటే పెద్ద చిక్కు ఆకలి. హాల్ బృందం అంచనా ప్రకారం తగ్గిన ప్రతి కిలోకూ ఆకలి రోజుకు సుమారు 100 క్యాలరీల మేర పెరుగుతుంది. ఎనిమిది కిలోలు తగ్గాక ఒంటి ఖర్చు 190 తగ్గితే, తినమని లాగేది 800. సంకల్పబలం లేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం దండగ. ఆకలిని పట్టి ఉంచే తిండి ఏర్పాటు చేసుకోవాలి. పప్పు, గుడ్డు, పెరుగు, కూరగాయలు ముందు తిని అన్నం తర్వాత తినడం అందులో ఒకటి. మధ్యాహ్నం సరిగా తినకుండా రాత్రి పదింటికి ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లోంచి బయటపడి ఇంటికి చేరే పద్ధతి ఉంటే ముందు దాన్ని మార్చండి. అప్పటి ఆకలికి ఏ లెక్కా ఆగదు.

వ్యాయామం నుంచి ఏం ఆశించాలి

68 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే, అంటే అయిదు కిలోమీటర్లు, కూర్చుని ఉంటే అయ్యే ఖర్చు తీసేశాక మిగిలేది 170 క్యాలరీలు. వాకింగ్ అయ్యాక దర్శినిలో (బెంగళూరులో నిలబడి తినే టిఫిన్ హోటల్) మసాలా దోసె, వడ, ఫిల్టర్ కాఫీ తీసుకుంటే ఆ 170 ఎప్పుడో తుడిచిపెట్టుకుపోతుంది. పైగా ఆ 170 కూడా పూర్తిగా మీ ఖాతాలో పడదు. వ్యాయామం పెంచితే ఒళ్లు మిగతా పద్దుల్లో కొంత తగ్గించుకుంటుంది. టాంజానియాలో వేటాడి బతికే హడ్జా జనం రోజూ మైళ్లు నడిచినా, సైజు సరిచూసుకుంటే వాళ్ల మొత్తం ఖర్చు అమెరికన్లకు దగ్గరగానే ఉందని హెర్మన్ పాంట్జర్ 2012లో చూపించాడు. 2021లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ఈ సర్దుబాటు సగటున 28 శాతం అని అంచనా కట్టింది. 170లో నికరంగా మిగిలేది 120 అనుకోండి.

చేతి వాచీ చూపించే అంకెను అసలు లెక్కలోకి తీసుకోవద్దు. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2017లో ఏడు రకాల బ్యాండ్లను పరీక్షిస్తే గుండె వేగం బాగానే చెప్పాయి. క్యాలరీల్లో మాత్రం అన్నిటికంటే నయమైనది 27 శాతం, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం తప్పు చెప్పింది. "వాచీలో 450 వచ్చింది, ఒక గులాబ్ జామూన్ తినొచ్చు" అన్న లెక్క ఎక్కడికి దారితీస్తుందో చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు చేయాలి? మూడు కారణాలు. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. షుగర్ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న మనలాంటి వాళ్లకు బరువు ఒక్క గ్రాము తగ్గకపోయినా ఇది లాభమే. రెండోది, వారాల తరబడి చేస్తే కండరాల్లో మైటోకాండ్రియా (కణాల్లో శక్తి తయారుచేసే భాగాలు) పెరుగుతుంది, అదే నడకకు ఆయాసం తగ్గుతుంది. మూడోది, తగ్గిన బరువును నిలబెట్టేది వ్యాయామమే. దాని సంగతి చివర్లో చెప్తాను.

నడక ఇలా మొదలుపెట్టండి. ఇప్పుడు మీరు రోజుకు సగటున ఎన్ని అడుగులు వేస్తున్నారో ఫోన్‌లో చూడండి. దానికి వెయ్యి కలపండి, రెండు వారాలు నిలబెట్టండి, మళ్లీ వెయ్యి కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని. కైకొండ్రహళ్లి చెరువు గట్టు, అగర చెరువు, శాంకీ ట్యాంక్, లాల్‌బాగ్, కబ్బన్ పార్క్, ఏది దగ్గరైతే అది. ఫుట్‌పాత్ సరిగా లేని వీధిలో స్కూటర్లను తప్పించుకుంటూ నడవడం మూడు రోజులకు మించి సాగదు. అపార్ట్‌మెంట్ లోపలే రౌండ్లు కొట్టండి. పార్కుకు పోలేని రోజుల్లో రాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు నడవండి, తిన్న తర్వాత పెరిగే షుగర్‌కు అది పగ్గం వేస్తుంది.

బెంగళూరు వచ్చిన విజయవాడ, నెల్లూరు వాళ్లకు ఒక అనుమానం ఉంటుంది: చెమట పట్టలేదు కదా, ఏం ప్రయోజనం అని. చెమట ఒంటిని చల్లబరచడానికి. డిసెంబరు పొద్దుట లాల్‌బాగ్‌లో చుక్క చెమట లేకుండా అయిదు కిలోమీటర్లు నడిచినా, మేలో బెజవాడ బందరు రోడ్డు మీద తడిసి ముద్దయి నడిచినా ఖర్చు దాదాపు ఒకటే. కరిగిన కొవ్వు ఎక్కువగా బయటికి పోయేది ఊపిరితో. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కు గుండా పోతాయి, మిగతా 1.6 నీళ్లుగా. నడుముకు ప్లాస్టిక్ బెల్టు బిగించి చెమటోడ్చడం వల్ల పోయేది నీళ్లే. సరిగ్గా చేస్తున్నారా లేదా తెలియాలంటే మాట్లాడి చూడండి. మాట వస్తూ, పాట రాకపోతే వేగం సరిపోయింది.

పరగడుపున నడిస్తేనే కొవ్వు కరుగుతుందా అన్నది పెద్ద విషయం కాదు. ఆ గంటలో కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, మిగతా రోజులో ఒళ్లు సరిచేసుకుంటుంది. మీకు వీలైన సమయమే మంచి సమయం.

కూర్చునే ఉద్యోగం తినేసే ఖర్చు

1999లో జేమ్స్ లెవీన్ 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజుకు వెయ్యి క్యాలరీలు ఎక్కువ పెట్టాడు. ఒకరికి పెరిగిన కొవ్వు 360 గ్రాములు, ఇంకొకరికి 4.2 కిలోలు. తేడా ఎక్కువగా వచ్చింది వ్యాయామం కాని చిన్నాచితకా కదలికల్లోంచి. ఒక మనిషికి ఆ కదలిక రోజుకు దాదాపు 700 క్యాలరీలు పెరిగింది, ఇంకొకరికి తగ్గింది కూడా. మనిషికి తెలియకుండా జరిగే సర్దుబాటు ఇది.

బరువు తగ్గేటప్పుడు ఇదే తిరగబడుతుంది. తిండి తగ్గగానే తెలియకుండానే కదలికలు తగ్గుతాయి, లేవాల్సిన చోట పిల్లల్ని కేకేస్తాం. పొద్దున గంట నడిచాం కదా అని సాయంత్రం సోఫాకు అతుక్కుపోతాం. బెంగళూరులో పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట కూడా గుమ్మంలోకి వస్తోంది, ఆఫీసు క్యాబ్ గేటు దాకా వస్తోంది. అందుకే వ్యాయామం చేసిన గంటను కాదు, రోజు మొత్తం అడుగుల లెక్కను చూడమంటున్నాను. మెట్రోలో వెళ్లే వీలుంటే స్టేషన్ నుంచి ఆఫీసుకు ఆటో ఎక్కకండి. కూరగాయలకు మీరే వెళ్లండి. మెట్లెక్కడం గొప్పగా చెప్తారు గానీ క్యాలరీల్లో చూస్తే నాలుగు అంతస్తులకు పది కూడా రావు. తొడలకు, గుండెకు మాత్రం మంచిది, కాబట్టి ఎక్కండి.

కండను కాపాడుకోండి

జిమ్ ట్రెయినర్ "కండ పెంచితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుంది" అంటాడు. అబద్ధం కాదు గానీ ఎంత కరుగుతుందో చెప్పడు. విశ్రాంతిలో కిలో కండరం రోజుకు 13 క్యాలరీలు ఖర్చు చేస్తుంది, కిలో కొవ్వు నాలుగున్నర. కష్టపడి రెండు కిలోల కండ పెంచితే వచ్చే అదనపు ఖర్చు 26 క్యాలరీలు, చెంచాన్నర పంచదార. ఒంట్లో అసలు మంట మండేది కాలేయం, మెదడు, గుండె, కిడ్నీల్లో. వాటిని జిమ్‌లో పెంచలేం.

కండ కావాల్సింది వేరే పనికి. తిన్న అన్నంలోని గ్లూకోజ్‌ను దాచుకునే పెద్ద గోదాము అదే. వ్యాయామం లేకుండా తిండి మాత్రమే తగ్గిస్తే పోయిన బరువులో నాలుగో వంతు దాకా కొవ్వు కానిది ఉంటుంది. ఎనిమిది కిలోల్లో రెండు కిలోలు. తర్వాత బరువు తిరిగి పెరిగితే కొవ్వే ఎక్కువగా వస్తుంది. రెండు మూడుసార్లు తగ్గి పెరిగిన మనిషి అదే 68 కిలోల్లో ముందుకంటే ఎక్కువ కొవ్వుతో, తక్కువ కండతో మిగులుతాడు.

వారానికి రెండు రోజులు, ఇరవై అయిదు నిమిషాలు చాలు. బస్కీలు పదేసి చొప్పున మూడు సార్లు. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లు కుర్చీలో కూర్చుని లేవడంతో మొదలుపెట్టండి. గోడకు చేతులు ఆనించి దండాలు, అలవాటయ్యాక టేబుల్ అంచు మీద, ఆ తర్వాత నేల మీద. అయిదు కిలోల బియ్యం సంచి రెండు చేతులతో పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం, వీపు వంచకుండా. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి. తేలికైపోతే బరువు పెంచాలి. ఏడాదంతా ఒకే రెండు కిలోల డంబెల్ ఊపితే ఉపయోగం లేదు.

దీనికి తోడు ప్రొటీన్. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మామూలు రోజులకు చెప్పేది కిలో బరువుకు 0.83 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు 1.2 దాకా వెళ్లడం మంచిది. మన ఉదాహరణలో ఆవిడకు 80 గ్రాములు. శాకాహారికి కూడా అది పెద్ద కష్టం కాదు. పొద్దున యాభై గ్రాముల పెసలతో పెసరట్లు, 12 గ్రాములు. మధ్యాహ్నం ముప్పై గ్రాముల మీల్ మేకర్ కూర, 15. రెండు పూటలా గట్టి పప్పు, 14 దాకా. రెండు కప్పుల పెరుగు, 13. ఒక గ్లాసు పాలు, 7. సాయంత్రం గుగ్గిళ్లు, 8. అన్నం, చపాతీలు, కూరగాయల్లోంచి ఇంకో 12. గుడ్లు తినేవాళ్లకు రెండిటితో 12 తేలిగ్గా వచ్చేస్తాయి. నీళ్ల చారు, పప్పుచారుల్లో ప్రొటీన్ ఉందనుకుని లెక్క రాసుకోకండి. ప్రొటీన్‌కు ఇంకో లాభం ఉంది, దాన్ని అరిగించడానికే దాని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది. నూనెకు, నెయ్యికి అది మూడు శాతం దాటదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన పరిమితిలోనే ఉండాలి.

అంకె ఆగిపోతే

మూడు నాలుగు వారాల సగటు కదలకపోతేనే ఆగినట్టు. అప్పుడు ఒక వరుసలో వెళ్లండి. ముందు వారం రోజులు తిండిని మళ్లీ మొదటి రోజంత శ్రద్ధగా రాయండి. పదిలో ఏడెనిమిది సార్లు అక్కడే దొరుకుతుందని నా అనుభవం. తర్వాత అడుగుల సగటు పడిపోయిందేమో చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉంటే కొత్త బరువుతో సూత్రం మళ్లీ వేసి, తిండి ఇంకో వంద తగ్గించండి లేదా రోజుకు ఓ పదిహేను వందల అడుగులు పెంచండి. నాలుగు కిలోలు తగ్గినప్పుడల్లా ఆగకపోయినా ఈ లెక్క మళ్లీ వేయాలి. విసుగొస్తే రెండు వారాలు కోత ఆపి, బరువు నిలిచేంత తినండి. పండక్కి ఊరెళ్లే రోజులను దీనికి వాడుకోండి, అరిసెల ముందు క్యాలరీలు లెక్కపెట్టడం ఎలాగూ జరిగే పని కాదు.

వయసు మీదకి తోసేయకండి. 29 దేశాల్లో 6,400 మందికి పైగా కొలతలతో 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, సైజు సరిచూసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు దాదాపు ఒకే తీరున ఉంటుంది. థైరాయిడ్ అనుమానం ఉంటే ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. నిజంగా థైరాయిడ్ తక్కువగా ఉన్నా దానివల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీళ్లే.

చేరాక ఏం చేయాలి

వ్యాయామం అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఇందాకటి టీవీ పోటీ వాళ్లలో ఆరేళ్ల తర్వాత బరువు నిలబెట్టుకున్న వాళ్లు తమ శారీరక శ్రమను పోటీకి ముందుకంటే 160 శాతం పెంచుకుని ఉన్నారు. మళ్లీ పెరిగిన వాళ్లలో ఆ పెంపు 34 శాతమే. బరువు తగ్గి నిలబెట్టుకున్న వాళ్ల వివరాలు నమోదు చేయడానికి అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో ఉన్న వాళ్లు కూడా ఎక్కువమంది రోజుకు గంట చొప్పున కదులుతున్న వాళ్లే. తగ్గే దశలో తిండి నడిపిస్తుంది, నిలబెట్టే దశలో కదలిక నడిపిస్తుంది. చేరాక మొదలుపెడదామనుకుంటే గంట అలవాటు ఒక్కసారి రాదు, అందుకే మొదటి వారం నుంచే వెయ్యి అడుగుల చొప్పున పెంచమన్నది.

60కి చేరాక వారానికి వంద క్యాలరీల చొప్పున తిండి పెంచుతూ, బరువు సగటు నిలిచిన చోట ఆపండి. వారం సగటు 61.5 దాటితే రెండు వారాలు కోత పెట్టండి. 64 దాకా ఆగకండి.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్న వాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. బరువు తగ్గి, నడక పెరిగితే అదే డోసుకు షుగర్ మరీ పడిపోతుంది. బీపీ మాత్రల విషయంలోనూ అంతే. నడకకు వెళ్లేటప్పుడు జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ కోతల జోలికి వెళ్లవద్దు. నడిచేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపిస్తే గ్యాస్ అనుకుని ఇంటికెళ్లి పడుకోవద్దు, అక్కణ్నుంచే ఆసుపత్రికి వెళ్లండి.